తూర్పు సముద్రము, తెలుగు నుడి: ఖరగ్‌పూరు వైపునుండి ఒక పరిశీలనము

1. ప్రస్తావన

ఖరగ్‌పూరు సముద్రతీర పట్టణము కాదు. పశ్చిమ వంగరాష్ట్రములో, నేటి పశ్చిమ మేదినీపుర జిల్లాయందు, ఎర్ర మొరపనేలమీద రైలుదారి కొరకు పెరిగిన ఊరు అది. అచ్చట అలల మ్రోత వినబడదు. అయినను ఆ ఊరి తెలుగువారి చరిత్రను వ్రాయబూనినవాడు సముద్రమును విడిచి వ్రాయజాలడు. వారిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలనుండి, అనగా సముద్రపు గాలి సోకు సీమనుండి, బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువునకై వచ్చినవారు. వారు ఎక్కివచ్చిన రైలుదారి తూర్పు తీరము వెంబడిని సాగునట్టిది. ఆ దారి పుట్టుటకు ముందు తెలుగుదేశమునకును వంగదేశమునకును నడుమ బరువైన సరుకు రాకపోకలకు ముఖ్యమైన మార్గము సముద్రమే. కావున ఖరగ్‌పూరు తెలుగును రాష్ట్రేతరాంధ్రుల భాష అని చెప్పి ఊరకుండుట చాలదు. అది ఒక సముద్రపుటంచు పట్టుకొని సాగివచ్చిన తెలుగు.

భాషాచరిత్రకారులు సామాన్యముగా నేలనే చూతురు. రాజ్యపు హద్దు, నది, కొండ, అడవి అను వానినిబట్టి మాండలికములను విభజింతురు. సముద్రము మాత్రము పటమున నీలిరంగు ఖాళీగా మిగిలిపోవును. ఆ ఖాళీలో తెలుగు భాషకు సంబంధించిన సాక్ష్యము ఎంత యున్నదో చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. పేరు, కథ, ఓడ, శాసనము, గాలివాన అను ఐదింటిని వరుసగా పరిశీలించి, కడపట రైలుదారి యొద్దకు వచ్చుట ఇందలి క్రమము.

2. పేరు

తెలుగువారు తమ సముద్రమును పూర్వము దిక్కునుబట్టి తూర్పు సముద్రమనిరి, సంస్కృతమున పూర్వసముద్రమనిరి. నేడు పాఠ్యపుస్తకములందును వాతావరణ వార్తలందును వాడుకలో నున్న మాట బంగాళాఖాతము. ఇది ఆంగ్లపు పేరునకు భూగోళశాస్త్ర గ్రంథకర్తలు కల్పించిన అనువాదము. ఇంత పొడవైన తీరముగల జాతి తన కడలిని పొరుగువారి పేరుతో పిలుచుట ఆశ్చర్యముగా తోచినను, మాట కూర్పు పరిశీలింపదగినది. బంగాళ, అఖాతము అను రెండు పదములకు సవర్ణదీర్ఘసంధి జరిగి బంగాళాఖాతము ఏర్పడినది. అమరసింహుని నిఘంటువులో ఖాతమనగా త్రవ్విన కొలను. అఖాతమనగా మనుష్యుడు త్రవ్వని, సహజముగా ఏర్పడిన మడుగు. దానికే దేవఖాతమని మారుపేరు. మడుగునకు చెల్లిన ఆ మాటను, నేలలోనికి చొచ్చుకొని వచ్చిన సముద్రభాగమునకు తెలుగువారు విస్తరించిరి. వంగభాషలో ఇదే జలరాశిని వంగోపసాగరమందురు. ఒకే నీటికి ఒక భాష ఉపసాగరమను మాటను, మరియొక భాష అఖాతమను మాటను ఎన్నుకొన్నవి.

ఈ రెండు మాటలకు వెనుక నున్న పురాణము ఒక్కటే. సగరపుత్రులు యజ్ఞాశ్వమును వెదకుచు భూమిని త్రవ్విరనియు, ఆ గొయ్యియే సాగరమైనదనియు, కపిలుని కోపాగ్నికి బూడిదయైన వారిని ఉద్ధరించుటకు భగీరథుడు గంగను అచ్చటికి తెచ్చెననియు పురాణకథ. గంగ కడలిని కలియు చోట నున్న సాగరద్వీపమును నేటికిని ప్రజలు ఆ కథకు స్థానముగా నమ్మి మకరసంక్రాంతికి స్నానమునకు పోవుదురు. ఇందు ఒక చిత్రము గమనింపదగినది. సాగరశబ్దము ఈ నీటిని త్రవ్వినదిగా చెప్పుచున్నది. అఖాతశబ్దము త్రవ్వనిదిగా చెప్పుచున్నది. భూగోళశాస్త్ర గ్రంథకర్తలు ఎరిగి చేసిరో లేదో గాని, పురాణము నుడివిన మాటను కాదను మాటయే తెలుగున స్థిరపడినది.

సముద్రపు హద్దునకు తెలుగున చెలియలికట్ట యను అందమైన మాట కలదు. సంస్కృతమున వేల, మర్యాద యనుదానికి ఇది సాటి. కడలి ఎంత ఉప్పొంగినను చెలియలికట్ట దాటదనుట కవిసమయము. రాజు నీతికిని, పెద్దల గాంభీర్యమునకును కవులు దీనినే ఉపమానముగా తెత్తురు. దండి మహాకావ్యమునకు విధించిన వర్ణనలలో నగరము వెంటనే అర్ణవమును పేర్కొనుటచే, తెలుగు ప్రబంధకవులును సముద్రవర్ణనమును విడువరాని అంగముగా గైకొనిరి. ఆ వర్ణనలలో కడలి సాధారణముగా హద్దెరిగినది. హద్దు దాటిన కడలిని పేర్కొను మాట ప్రబంధములకంటె పల్లెలలోనే ఎక్కువగా వినబడును. దానిని ముందు చూతము.

3. కథ

ఖరగ్‌పూరునకు తూర్పున, రూపనారాయణ నది ఒడ్డున తమ్లుక్ అను పట్టణము కలదు. ప్రాచీన తామ్రలిప్తి ఇదియే యని చరిత్రకారుల నిర్ణయము. నేడు అది సముద్రమునకు దూరముగా నున్న జిల్లా కేంద్రము; పూర్వము ఉత్తరభారతమునకు తూర్పు వాకిలి. చీనా యాత్రికుడైన ఫాహియాను ఐదవ శతాబ్ది ఆరంభమున ఇచ్చట రెండేండ్లు నిలిచి, గ్రంథములను ప్రతులు వ్రాసికొని, చలికాలపు గాలి సాగునప్పుడు వర్తకుల పెద్ద ఓడనెక్కి పదునాలుగు దినములకు సింహళము చేరెను. 673లో ఇత్సింగు ఈ రేవుననే దిగి సంస్కృతము నేర్చెను. నదుల ఒండ్రు పేరుకొని నీటి దారి తొలగుటతో రేవు అంతరించినది.

ఈ రేవు తెలుగు సాహిత్యమునకు పరాయిది కాదు. దండి దశకుమారచరితమున మిత్రగుప్తుని కథ సుహ్మదేశమందలి దామలిప్తమున నడచును. దామలిప్తమనగా తామ్రలిప్తియే. రాజకుమారుడైన భీమధన్వుడు మిత్రగుప్తుని బంధించి సముద్రమున పారవేయించెను. అతడు దొరకిన కొయ్యముక్కను పట్టుకొని రాత్రియంతయు తేలెను. తెల్లవారుసరికి యవనుల ఓడ ఒకటి అతనిని చూచి పైకి తీసెను. తీసినవారు అతనిని అతిథిగా కాక పనికివచ్చు బానిసగా ఎంచిరి. తరువాత భీమధన్వుని నావలు ఆ ఓడను ముట్టడింపగా మిత్రగుప్తుడే యవనులను కాపాడెను. గాలి ఎదురు తిరిగి ఓడను వేరొక దీవికి కొట్టుకొనిపోయెను.

అదే గ్రంథమున, ఓష్ఠ్యాక్షరములు లేక చెప్పబడిన మంత్రగుప్తుని కథలో, కళింగరాజు కర్దనుడు కుటుంబముతో కడలి ఒడ్డున విహరించుచుండగా ఆంధ్రరాజు జయసింహుడు నీటిదారిని సేనను తెచ్చి వారిని చెరపట్టెనని యున్నది. ఇది కల్పితకథయే, చరిత్ర కాదు. అయినను కళింగాంధ్ర తీరమున ఓడలమీద దండెత్తివచ్చుట పాఠకులు నమ్మదగిన సంగతిగా దండి యెంచెనని దీనివలన తెలియుచున్నది.

పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన దశకుమారచరిత్రమును తెనిగించి తిక్కనకు అంకితము చేసెను. అభినవదండి యని పేరుగాంచిన ఆ కవి మూలమున, గాలికి కొట్టుకొనిపోయినవాని కథ తెలుగు పాఠకులకు అందినది. అది అందిన కాలమును గుర్తుంచుకొనవలెను. ఇంచుమించు అదే తరమున, అదే తీరమునకు దక్షిణమున, గాలికి కొట్టుకొనివచ్చినవారిని గూర్చి ఒక రాజు శాసనమును వేయించెను. ఆ శాసనమునకు ముందు ఓడల సంగతి చెప్పవలసియున్నది.

4. ఓడలు, మాటలు

క్రీస్తుశకపు తొలి శతాబ్దులలోనే ఈ తీరము పడమటి నావికులకు తెలిసినది. పెరిప్లసు అను గ్రీకు గ్రంథము మసాలియా సీమ సన్నని నూలుబట్టను మెచ్చుకొన్నది. రెండవ శతాబ్దివాడైన టాలెమీ మైసోలోస్ నదీముఖమును పేర్కొని, దానికి ఉత్తరమున సువర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడిచి నడిసముద్రమున ప్రవేశించు స్థానము ఒకటి కలదని గుర్తించెను. మైసోలోస్ కృష్ణానది యని పండితుల అభిప్రాయము. అదే శతాబ్దిలో సాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి పేర రెండు తెరచాపకొయ్యలు గల ఓడ బొమ్మతో నాణెములు వెలువడినవి. ఘంటసాల బౌద్ధశాసనములలో ఒకదానియందు మహానావికుడైన శివకుని పేరు కనబడుచున్నది. నావికుడు దాతయై శాసనమెక్కుట ఆ వృత్తికి నాటి సంఘములో గల గౌరవమును తెలుపుచున్నది.

భాషాచరిత్రకారునకు ఇంతకంటె విలువైన సాక్ష్యము శ్రీనాథుని హరవిలాసపు అవతారికలో కలదు. కృతిభర్తయగు అవచి తిప్పయసెట్టి ఏయే దీవులనుండి ఏయే సరుకులు తెప్పించెనో కవి అందు వర్ణించెను. సింహళమునుండి ఏనుగులు, హురుముంజినుండి గుర్రములు, చీనానుండి పట్టుబట్టలు వచ్చినవి. తరుణాసీరి, తవాయి అను రేవులు తూర్పు సముద్రమునకు ఆవలి యొడ్డున, నేటి బర్మా దక్షిణతీరమున నున్నవి. అచ్చటనే ఓడల పేర్లు కొన్ని వరుసగా వచ్చుచున్నవి. కప్పలి, జోంగు, సమ్మను అనునవి వానిలో ముఖ్యములు. కప్పలి ద్రావిడపదము, తమిళమున కప్పల్, మలయుభాషలో కపాల్. జోంగు మలయు, జావా భాషల జోఙ్ అను మాటయే. సమ్మను సంపాన్ అను పేరుతో చీనానుండి మలయుదేశము వరకు వ్యాపించిన చిన్నపడవ. పదునైదవ శతాబ్ది తెలుగు పద్యమొకదానిలో తూర్పు సముద్రపు మూడు ఒడ్డుల పడవలు లంగరు వేసియున్నవి. ఇవి నిఘంటువునుండి ఏరుకొన్న మాటలు కావు; రేవున విన్న మాటలు.

మాటలు వచ్చినట్లే మాటలు పోయినవి. మలయుదేశమున దక్షిణభారతీయులకు కెలింగ్ అను పేరు కళింగమునుండి కలిగినది. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగువారిని బర్మాలో కోరంగీలనిరి. ఊరిపేరు జాతిపేరుగా మారుట ఓడరేవునకు మాత్రమే సాధ్యము. ఏలయన పరదేశమువారికి ప్రయాణికుని ఇల్లు కనబడదు, అతడెక్కిన రేవే కనబడును. తెలుగువారికిని రంగూను పట్టణము రంగమైనది. బ్రతుకుతెరువునకై కడలి దాటినవారిని రంగము పోయినవారనుట ఉత్తరకోస్తా జిల్లాల వాడుక.

5. శాసనము

బాపట్ల ప్రాంతమున మోటుపల్లి నేడొక చిన్న గ్రామము. కాకతీయుల కాలమున అది ప్రధానమైన ఓడరేవు. మార్కోపోలో వ్రాసిన ముత్‌ఫిలి ఇదియే. గణపతిదేవ చక్రవర్తి శక సంవత్సరము 1166, అనగా క్రీస్తుశకము 1244-45లో ఇచ్చట వేయించిన అభయశాసనము భారతీయ వర్తకచరిత్రలో ప్రసిద్ధము. దానిలో సంస్కృతభాగమును తెలుగుభాగమును కలవు.

శాసనము చెప్పు విషయము ఇది. ఒక దేశమునుండి మరియొక దేశమునకు బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, అనుకొనని తీరమున పడినప్పుడు వానిలోని బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు మొదలగు సర్వస్వమును పూర్వపు రాజులు బలవంతముగా కైకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించెను. సముద్రయానమను గొప్ప సాహసమునకు ఒడిగట్టినవారికి ధనము ప్రాణముకంటె ప్రియమైనదని తలచి, కీర్తికొరకును ధర్మముకొరకును వారి సొత్తును వారికే విడిచి, న్యాయమైన సుంకమును మాత్రము గ్రహించుటకు అంగీకరించెను. ఆ సుంకము ముప్పదింట ఒకటి. చందనము, కర్పూరము, ముత్యములు, పగడములు, దంతము, రాగి, తగరము, పట్టు, మిరియములు, పోకలు మున్నగువానికి సుంకపు వివరములును శాసనమున కలవు. 1358లో అనపోతారెడ్డి పాలనమున వర్తకులకు మరల అభయమిచ్చుచు ఇదే మోటుపల్లిలో శాసనము వెలసినది.

ఈ శాసనమును ఆర్థికచరిత్రకారులు సుంకముల పట్టికకై చదివిరి. సాహిత్యవిద్యార్థి దీనిని మిత్రగుప్తుని కథతో కలిపి చదువవలెను. కథలో కొట్టుకొనివచ్చినవాడు పట్టుకొన్నవాని సొత్తు. శాసనమున కొట్టుకొనివచ్చినదానిపై పట్టుకొన్నవానికి హక్కు లేదు. దండినాటికిని గణపతిదేవునినాటికిని నడుమ పలు శతాబ్దులు గడచినవి; కాని కేతన ఆ కథను తెనిగించిన కాలము, శాసనము వెలసిన కాలము ఇంచుమించు ఒక్కటి. పాత ఆచారము కథగా తెలుగులోనికి వచ్చుచుండగనే, ఆ ఆచారమును త్రోసిపుచ్చు ధర్మము రాతిమీద తెలుగులో చెక్కబడుచున్నది. రెండింటికిని కారణభూతమైనది గాలి.

అట్లని రాజు కేవలము దయచేతనే ఇట్లు చేసెననుటకు వీలులేదు. సొత్తు దక్కునని నమ్మకము కలిగిననే గాని వర్తకుడు రేవునకు రాడు. వర్తకుడు రానిదే సుంకము లేదు. ధర్మమును లాభమును ఒకే వాక్యమున ఇమిడియున్నవి. శాసనము విలువ ఇందువలన తగ్గదు. గాలివాన దైవికమైనను, దానివలని నష్టమును పంచుకొను విధము మనుష్యుని చేతిలోనిది యని నిర్ణయించిన పత్రములలో ఇది తెలుగునేలమీద తొలినాటిది.

6. గాలివాన

తూర్పు సముద్రమున గాలి ఏడాదికి రెండుమారులు దిక్కు మార్చును. జ్యేష్ఠాషాఢములనుండి నైరృతి గాలి వీచును. అది తెలుగు తీరపు ఓడలను వంగ, బర్మా దేశములవైపు తోయును. మార్గశిర పుష్యములలో ఈశాన్యపు గాలి వీచి వానిని ఇంటికి తెచ్చును. ఫాహియాను పదునాలుగు దినముల ప్రయాణము ఈ రెండవ గాలి చలువ. ఈ రెండు గాలులు మారు సంధికాలములే, అనగా ఏప్రిల్ మొదలు జూను వరకును, అక్టోబరు మొదలు డిసెంబరు వరకును, పెనుగాలివానలకు నెలవులు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణలు తెచ్చిపోయు మంచినీరు ఉప్పునీటిపై పొరవలె పరచుకొని, క్రింది చల్లని నీటిని పైకి రానీయదు. కావున పైనీరు వేడిగా నుండి గాలివానకు బలమిచ్చును. ఉత్తరమున తీరము గరాటువలె ఇరుకగుటయు, నీటి లోతు తక్కువగుటయు తోడై, గాలి తోసిన నీరు ఎత్తుగా లేచి నేలమీదికి వచ్చును.

ఈ శాస్త్రము పుట్టుకలో తెలుగు తీరమునకును వంగదేశమునకును సమానమైన పాలు కలదు. 1789 డిసెంబరులో కోరంగిని సముద్రము ముంచినది; 1839 నవంబరులో మరల ముంచినది. కలకత్తాలో నున్న హెన్రీ పిడింగ్టన్ ఓడల దినచర్యలను సేకరించి, ఇట్టి గాలి నేరుగా కాక చుట్ట చుట్టుకొని తిరుగునని చూపుచు 1848లో సైక్లోన్ అను మాటను కల్పించెను. పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకుపదము దానికి మూలము. కోరంగి ఉపద్రవమును ఆయన తన గ్రంథమున వర్ణించెను. నేడు ప్రపంచమంతట వాడుకలో నున్న ఆ మాట వెనుక గోదావరి ముఖమున మునిగిన రేవు ఒకటి యున్నదన్నమాట.

1864లో అక్టోబరు 5న కలకత్తాను, హుగ్లీ నదీతీరమును పెనుగాలివాన ముంచినది. నాలుగు వారములైనను నిండకమునుపే నవంబరు 1న అదే సముద్రము బందరుమీద పడినది. రెండుచోట్లను వేలాది ప్రజలు మరణించిరి. ఒకే శరత్తున రెండు భాషల ప్రజలకు ఒకే చావు వచ్చినది. మరుసటి యేట కలకత్తా రేవున గాలివాన హెచ్చరికల పద్ధతి మొదలైనది. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది. మేదినీపుర మండలమునకు అతి దారుణమైన దినములలో 1942 అక్టోబరు 16 ఒకటి. నాడు కాంథీ, తమ్లుక్ ప్రాంతములు ఉప్పునీట మునిగినవి. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినది. సుమారు పదివేలమంది మరణించిరని ప్రభుత్వపు లెక్క.

ఇచ్చట భాష యొక్క పాత్రను ప్రత్యేకముగా చెప్పవలెను. తెలుగున ఈ ఉపద్రవమునకు మూడు మాటలు కలవు. గాలివాన యనునది చూచిన దానిని చూచినట్లు చెప్పు దేశ్యపదబంధము. తుఫాను అరబ్బీ, పారశీక భాషల మార్గమున వచ్చినది. ఉప్పెన యనునది ఈ రెంటికంటె భిన్నము. గాలిని గాక నీటిని, కడలి చెలియలికట్ట దాటి ఊరిమీదికి వచ్చుటను అది తెలుపును. తీరమున గాలివానలలో మరణించినవారిలో అత్యధికులు గాలివలన గాక ఈ నీటివలననే మరణించిరి. 1789 కోరంగిలో, 1864 బందరులో, 1942 కాంథీలో, 1977 దివిసీమలో చంపినది ఉప్పెనయే. తుఫాను వచ్చుచున్నదని వినినవాడు తలుపులు బిగించుకొని ఇంట నుండును. ఉప్పెన వచ్చుచున్నదని వినినవాడు ఇల్లు విడిచి మెట్టకు పోవును. ఈ రెండు పనులు పరస్పరవిరుద్ధములు. కావున హెచ్చరికలో ఏ మాట వాడవలెననుట శైలికి సంబంధించిన ప్రశ్న కాదు, ప్రాణమునకు సంబంధించినది. రేవులలో ఎగురవేయు ప్రమాదసూచికల సంఖ్యలు నావికులకు ఉద్దేశింపబడినవి. నావికుడు కానివానికి వాని తాత్పర్యమును తన మాటలో చెప్పవలెను.

2013 అక్టోబరులో ఫైలిన్ గాలివానకు ముందు ఒరిస్సా, ఆంధ్ర తీరములలో సుమారు పది లక్షలమందిని ఇండ్లనుండి తరలించిరి. మృతుల సంఖ్య పదులలో నిలిచినది. ఉపగ్రహములు, గణనయంత్రములు, ఆశ్రయభవనములు దీనికి ముఖ్యకారణములు. కాని ఉపగ్రహము చూచిన దానిని పల్లెవాడు నమ్మునట్లు చెప్పునది భాషయే. కవిసమయము చెలియలికట్ట చెక్కుచెదరదని చెప్పినచోట, పల్లెనుడి ఉప్పెన యను మాటను దాచియుంచినది. ఆ దాపరికము ఫలము నేడు మనకు అక్కరకు వచ్చుచున్నది.

7. రైలుదారి

బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ 1887లో ఏర్పడినది. బెజవాడనుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుదారి 1893-1896 నడుమ నిర్మింపబడినది. 1900లో కోలాఘాటు వద్ద రూపనారాయణ నదిపై వంతెన తెరువబడుటతో హౌరాకు దారి కలిసినది. ఆ నది ఒడ్డుననే దిగువను తామ్రలిప్తి యుండినదని పైన చెప్పితిమి. ఏ నదిమీదుగా ఓడలు లోనికి వచ్చుచుండెనో, ఆ నదిని దాటియే రైలు ఓడల పనిని గైకొన్నది. ఈ దారుల కూడలియైన ఖరగ్‌పూరున కర్మాగారము వెలసి, కూలీలు, కమ్మరులు, ఫిట్టర్లు, గుమాస్తాలు తెలుగు జిల్లాలనుండి వచ్చిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడునాటికి ఆ ఊరి తెలుగువారిలో రెండవ తరము, మూడవ తరము పెరిగియుండెను.

ఒకే జిల్లాలనుండి అదే దశకములలో రెండు దారులు సాగినవి. ఒకటి కడలిమీదుగా రంగమునకు, మరియొకటి కడలి ప్రక్కగా ఖరగ్‌పూరునకు. మొదటి దారి విషాదాంతము. 1930 మేనెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మీయులకును నడుమ ఘోరమైన కలహము జరిగినది; 1942లో యుద్ధము ఆ దారిని మూసివేసినది. రెండవ దారి నిలిచినది. రంగము పోయినవారి తెలుగు పాటలలోను జ్ఞాపకములలోను మాత్రమే చిక్కును. ఖరగ్‌పూరు తెలుగు వీధులలో నేటికిని మాటలాడబడుచున్నది. ఇంట తెలుగు, వీధిని హిందీ, కచేరీలో వంగభాష అను మూడింటి నడుమ అది బ్రతుకుచున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు నిర్ణయించుటకు ఆ ఊరి తెలుగువారి సంఖ్యయే ముఖ్యకారణము.

ఖరగ్‌పూరున సముద్రము పేరుమాత్రముగా నిలిచిన మరియొక చోటును గలదు. హిజిలీ యనునది పూర్వము మేదినీపురపు దక్షిణమున సముద్రతీరపు సీమ. పదునారు, పదునేడవ శతాబ్దులలో పోర్చుగీసువారికిని ఆంగ్లేయులకును తెలిసిన రేవు. ఆ పేరు మెట్టకెక్కి నేడు ఖరగ్‌పూరు చెంత రైలుస్టేషనునకు చెల్లుచున్నది. హిజిలీ నిర్బంధశిబిరపు భవనమునందు 1951లో సాంకేతిక విద్యాసంస్థ స్థాపింపబడినది. దానియందు ఓడల నిర్మాణమును, సముద్ర ఇంజనీరింగును బోధించు శాఖయు కలదు. తెలుగునాట ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1950 దశకమున సముద్రశాస్త్రమునకు పునాదివేసినది. అచ్చట పనిచేసిన యూజీన్ లాఫాండ్, తూర్పుతీరము చెంత నీటి అడుగున నున్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అను పేర్లు పెట్టి 1964లో ప్రకటించెను. చూడగల యొడ్డునకు పొరుగువారి పేరును, చూడరాని లోతునకు తమ పేరును తెలుగువారికి దక్కినవి.

8. ఉపసంహారము

పైని సాక్ష్యములనుండి తేలు విషయములు మూడు. మొదటిది, తామ్రలిప్తినుండి మోటుపల్లి వరకు గల తీరమును సాహిత్యచరిత్రలో ఒకే క్షేత్రముగా గ్రహింపవలెను. దండి కథ, కేతన తెనుగు, గణపతిదేవుని శాసనము, శ్రీనాథుని ఓడల పేర్లు ఒకే కడలికి చెందిన పత్రములు. రెండవది, తెలుగున సముద్రపదజాలము రెండు పాయలుగా నున్నది. కావ్యపు పాయ కడలిని హద్దులో నిలిపినది. పల్లెపాయ హద్దు దాటిన కడలిని ఎరిగినది. చరిత్రకు రెండును కావలెను. హెచ్చరికకు రెండవది లేనిదే చెల్లదు. మూడవది, తీరమునుండి తరలిపోయిన తెలుగును, ఖరగ్‌పూరువంటి చోట, తీరపు తెలుగుతో పోల్చి పరిశీలింపవలెను.

ఈ మూడవదానికి వ్యవధి తక్కువ. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశము, పల్లెలకు పోయి వృత్తులవారి నోట విని మాటలను సేకరించు పద్ధతిని తెలుగునకు చూపినది. అదే పద్ధతితో సముద్రము విడిచి రైలుకొలువు పట్టిన కుటుంబముల నుడిని సేకరింపవచ్చును. గాలుల పేర్లు, పడవభాగముల పేర్లు, చేపల పేర్లు, సముద్రమును గూర్చిన సామెతలు, ఒట్లు, జోలపాటలు ఆ ఇండ్లలో ఎవరి నోట నిలిచినవి, ఎవరి నోట జారినవి యని తరము తరమునకు పట్టిక వేయవలెను. తాత ఉప్పెన యని చెప్పినచోట మనుమడు తుఫాను అనుచున్నచో, పోయినది ఒక మాట మాత్రమే కాదు. నీటిని గాలినుండి వేరుచేసి చూచు తెలివియును దానితో పోయినది. మోటుపల్లి శాసనము గాలికి కొట్టుకొనివచ్చిన సొత్తు పోగొట్టుకొన్నవానిదే యని తీర్పు చెప్పినది. ఇనుపదారిని కొట్టుకొనివచ్చిన మాటల విషయమున గూడ పండితులకు ఆ తీర్పే అనుసరణీయము. అవి దొరకినచోటనే వ్రాసికొని, పలికినవారి పేరనే భాషకు తిరిగి అప్పగింపవలెను.